గడియారమును ముందునకు జరిపిన విలియం విల్లెట్

మన తెలుగునాట వేసవియైనను, శీతకాలమైనను పగటి నిడివిలో పెద్ద మార్పు కానరాదు. హైదరాబాదు నగరమున జూను నెలలోని మిక్కిలి పొడవైన పగలు 13 గంటలకు కొంచెము పైబడియుండును. డిసెంబరు నెలలోని మిక్కిలి పొట్టి పగలును 11 గంటలకు తగ్గదు. కావున ప్రొద్దుపొడుపును, ప్రొద్దుక్రుంకును సుమారుగా మన మెరిగిన వేళలలోనే వచ్చుచుండును. రైతు నాగలి కట్టుటకును, పిల్లలు బడికి బయలుదేరుటకును ఏడాది పొడుగున ఒక్కటే వేళ చెల్లుచున్నది.

ఇంగ్లండు సంగతి అట్టిది కాదు. ఆ దేశము భూమధ్యరేఖకు చాల దూరముగా ఉత్తరమున నున్నది. లండను నగరమున జూను నడుమ పగలు 16 గంటల 38 నిమిషములుండగా, డిసెంబరు చివర 8 గంటలైనను నిండదు. శీతకాలమున ఉదయము 8 గంటలు దాటినపిమ్మట గాని సూర్యుడు కనబడడు. అదే సూర్యుడు జూను నెలలో, గ్రీనిచ్చి కాలమానము ననుసరించి, నాలుగు గంటలైనను కాకముందే ఉదయించును. అప్పటికి ఊరంతయు గాఢనిద్రలో నుండును. ప్రజలు లేచి, పనులకు పోయి, పని ముగించుకొని ఇల్లు చేరునప్పటికి ఆ వెలుతురులో చాల భాగము ఎవరికిని ఉపయోగపడకయే గడచిపోవును. తరతరములుగా అందరును చూచుచు మిన్నకున్న ఈ విషయము ఒక గృహనిర్మాతను మాత్రము ఊరకుండనీయలేదు. ఆయనయే విలియం విల్లెట్.

విల్లెట్ 1856వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన ఇంగ్లండులోని సర్రే మండలమున ఫార్న్‌హాం అను పట్టణమునందు జన్మించెను. ఆయన తండ్రి ఇండ్లు కట్టించు వర్తకుడు. చదువు ముగించి, కొంతకాలము వ్యాపారపు పనులలో అనుభవము గడించి, విల్లెట్ తండ్రి వృత్తిలోనే ప్రవేశించెను. తండ్రీకొడుకులు లండను నగరమున కెన్సింగ్టను, చెల్సీ, హాంప్‌స్టెడ్ మొదలగు పేటలలోను, సముద్రతీరమందలి హోవ్ పట్టణములోను ఇండ్లు కట్టించిరి. ఆ ఇండ్లు గట్టివి, చూడ ముచ్చటైనవి. ఒక ఇల్లు విల్లెట్టులు కట్టినదని చెప్పినంతనే కొనువారు మరి వేరు సాక్ష్యము కోరకుండెడివారని ప్రతీతి. కిటికీ ఏ దిక్కున నుండవలెను, ఏ గదిలోనికి ఏ వేళ ఎండ వచ్చును అను విచారము గృహనిర్మాతకు నిత్యము తప్పదు. వెలుతురునకు వెల కట్టుట ఆయనకు వృత్తిలోనే అలవడియుండవచ్చును.

కలిమి చేకూరిన పిమ్మట ఆయన లండనునకు ఆగ్నేయముగా, అప్పుడు కెంటు మండలములో నుండిన చిసిల్‌హర్‌స్టు అను ఊర కాపురముండెను. ఆ ఊరి చేరువను పెట్స్‌వుడ్ అను అడవి కలదు. విల్లెట్ తెల్లవారుజామున లేచి గుఱ్ఱమునెక్కి ఆ అడవిలో స్వారి చేయుచుండెను. 1905వ సంవత్సరపు వేసవిలో ఒకనాటి ఉదయము ఆయన అట్లే పోవుచుండగా, ఎండ బాగుగా కాయుచున్నను త్రోవలోని ఇండ్ల కిటికీల తెరలన్నియు దించియుండుట గమనించెను. అప్పుడే గడియారమును మార్చవలెనను తలంపు ఆయనకు కలిగినదని చెప్పుదురు. ఇట్టి కథలను లోకము ఇష్టపడును. కాని ఒక్క ఉదయముననే ఇంతటి తలంపు పుట్టినదని అనుకొననక్కరలేదు. ఆయన ప్రతిదినమును ఆ తెరలను చూచుచునేయుండెను గదా! సాయంకాలమున గోల్ఫు ఆట ముగియక మునుపే చీకటి పడుటయు ఆయనకు కష్టముగానే యుండెనట.

అయితే విల్లెట్ ధనికుడు. ఆయనకు గుఱ్ఱము కలదు. వలసినప్పుడు తీరిక కలదు. పగలంతయు బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాయు గుమాస్తాకును, యంత్రము ముందు నిలుచుండు పనివానికిని ఆ రెండును లేవు. వారికి దొరకు తీరిక సాయంకాలపు గంట రెండు గంటలు మాత్రమే. ఆ కాలమున అట్టివారికి గుఱ్ఱమునకు మారుగా దొరకిన వాహనము సైకిలు.

సైకిలు చరిత్ర ఇచ్చట కొంచెము చెప్పవలసియున్నది. మొదట ముందు చక్రము మనిషియెత్తును, వెనుక చక్రము చిన్నదియుగా నుండిన సైకిళ్లు వాడుకలో నుండెను. వానినెక్కుటయే ఒక సాహసము. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అను నాతడు రెండు చక్రములును సమానముగా నుండి, గొలుసుతో నడచు సైకిలును తయారుచేసెను. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరు చక్రపుతొడుగునకు పేటెంటు పొందెను. ఈ రెండును కలసిన పిమ్మట సైకిలు సామాన్యుని ఇంటికి వచ్చెను. వెల క్రమముగా తగ్గెను. స్త్రీలును సైకిళ్లు త్రొక్కసాగిరి. 1878లోనే సైకిలు యాత్రికుల సంఘమొకటి ఏర్పడియుండెను. 1894లో బర్మింగ్‌హాంలో పుట్టిన క్లారియను సైకిలు సంఘము పనివారిని ఆదివారములందు పల్లెబాటలకు కొనిపోవుచుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి ఎందరో గుమాస్తాలు, పనివారు, ఉపాధ్యాయులు సైకిలుపైననే పనికి పోయి వచ్చుచుండిరి.

సైకిలు త్రొక్కువానికి కన్నులే కాపుదల. రాతిబాటపై గుంట యెక్కడ, బండిచక్రపు గాడి యెక్కడ అనునది దూరమునుండియే చూడవలయును. అందుచేత వానికి చీకటి రైలు ప్రయాణికునకువలె అలక్ష్యము చేయదగినది కాదు. చట్టమును అతనిని విడువలేదు. 1888వ సంవత్సరపు స్థానిక ప్రభుత్వ చట్టము ప్రకారము, సూర్యాస్తమయమైన ఒక గంట మొదలుకొని సూర్యోదయమునకు ఒక గంట ముందువరకు రహదారిపై పోవు ప్రతి సైకిలునకును దీపముండవలెను. ఆ దీపములు మన యెరుకలోని బ్యాటరీ దీపములవంటివి కావు. కొన్ని నూనె దీపములు. గతుకులలో కుదుపు తగిలినను, ఎదురుగాలి వీచినను ఆరిపోవుచుండెను. మరికొన్ని కార్బైడు దీపములు. పై అరలో నీరు, క్రింది అరలో కార్బైడు ముక్కలు ఉండును. నీరు బొట్టుబొట్టుగా పడిన కొలది ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లని మంటగా వెలుగును. మన తిరునాళ్లలో మిఠాయి దుకాణములయందు ఒకప్పుడు ఘాటైన వాసనతో వెలుగుచుండిన దీపము ఆ జాతిదే. వెలుతురు మంచిదే గాని, ప్రతి దినము బూడిద దులిపి, ముక్కలు మార్చి, మూతి శుభ్రము చేయుట పెద్ద పని. పగలెల్ల పనిచేసి అలసినవానికి ఇదియొక అదనపు కొలువు.

సెప్టెంబరు నడుమ లండనులో గ్రీనిచ్చి కాలమానము చొప్పున సుమారు 6 గంటల 13 నిమిషములకు సూర్యుడస్తమించును. సాయంకాలము 6 గంటలకు కచేరి విడిచి పది మైళ్ల దూరములోనున్న ఇంటికి సైకిలుపై బయలుదేరిన గుమాస్తా నొకనిని ఊహింపుడు. అతడు వీథులు దాటి పల్లెబాట పట్టునప్పటికే మునిమాపు ముసురుకొనును. దారిలో చక్రపు గాలి పోయి ఆలస్యమైనచో దీపము వెలిగించు వేళ వచ్చును. దీపము లేకున్న జరిమానా. గడియారము ఒక గంట ముందునకు జరిగియున్నచో, అదే దినమున సూర్యుడు 7 గంటల 13 నిమిషముల కస్తమించును. అతడు వెలుతురులోనే ఇల్లు చేరి, పిల్లలతో కొంతసేపు తోటలో గడపుటకును వీలుండును. సూర్యుడొక నిమిషమైనను ఎక్కువగా ప్రకాశింపలేదు. మనిషి తన పనివేళను సూర్యునివైపునకు జరుపుకొనినాడు, అంతే.

మరి గడియారమును ముట్టక, ప్రొద్దున ఒక గంట ముందుగా లేచిన చాలదా యని మీరడుగవచ్చును. విల్లెట్ కాలమునను పలువురు అట్లే అడిగిరి. ఒక్కడు ముందుగా లేచిన లాభము లేదు. అతడు పనిచేయు కచేరి తెరవబడదు, రైలు రాదు, దుకాణము తలుపు తీయరు, పాఠశాల గంట మ్రోగదు. అందరును ఒక్కమారుగా కదలవలెనన్నచో అందరును నమ్మియుండు వస్తువును కదల్పవలెను. ఆ వస్తువు గడియారము. విల్లెట్ ఆలోచనలోని తెలివి ఇచ్చట నున్నది.

ఈ తలంపు ఆయన కంటె ముందు మరికొందరికిని తోచినది. 1784లో అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిసు పత్రికకు పరిహాసముగా ఒక లేఖ వ్రాసి, ప్రజలు సూర్యునితో పాటు లేచినచో ఎన్ని క్రొవ్వొత్తులు మిగులునో లెక్కగట్టెను. అయితే ఆయన గడియారమును మార్చుమనలేదు. న్యూజీలండులోని వెల్లింగ్టను నగరమున తపాలాశాఖలో పనిచేయుచుండిన జార్జి వెర్నన్ హడ్సన్‌కు కీటకములను సేకరించుట యన్న మిక్కిలి ప్రీతి. కొలువు ముగిసిన పిమ్మట పురుగులను పట్టుటకు వెలుతురు చాలక, ఆయన 1895లో వేసవియందు గడియారమును రెండు గంటలు ముందునకు జరుపవలెనని ఒక విద్వత్సభయందు ప్రతిపాదించెను. సభ్యులు దానిని అంతగా లెక్కచేయలేదు. ఒకనికి సీతాకోకచిలుకలు, మరియొకనికి గుఱ్ఱపుస్వారి! లోకోపకారములైన తలంపులు సొంత వినోదములనుండియు పుట్టుట కలదు.

విల్లెట్ 1907లో తన సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించెను. పగటి వెలుగు వృథాయగుటనుగూర్చినది ఆ పుస్తకము. ఏప్రిల్ నెలలో నాలుగు ఆదివారములందు, తెల్లవారుజాము 2 గంటలకు, ప్రతిమారు 20 నిమిషముల చొప్పున గడియారములను ముందునకు జరుపవలెను; సెప్టెంబరులోని నాలుగు ఆదివారములందు అట్లే వెనుకకు జరుపవలెను. వేసవియందు మొత్తము 80 నిమిషములు కలిసి వచ్చును. సముద్రముపై ప్రయాణము చేయువారు ఓడ తూర్పునకో పడమరకో పోవుకొలది గడియారములను కొంచెముకొంచెముగా మార్చుకొనుచునే యుందురు గదా, వారి కేమి కష్టము కలుగుచున్నదని ఆయన ప్రశ్న. సాయంకాలపు దీపములు తగ్గుటవలన దేశమునకు సంవత్సరమునకు సుమారు 25 లక్షల పౌనులు మిగులునని ఆయన లెక్క. అంతకంటె ముఖ్యముగా, పనివారు ఆరుబయట నడచుటకును, ఆడుకొనుటకును, సైకిలుపై తిరుగుటకును వేళ దొరకునని ఆయన ఆశ.

రాబర్టు పియర్స్ అను పార్లమెంటు సభ్యుడు 1908 ఫిబ్రవరిలో ఈ విషయమై ఒక బిల్లును కామన్సు సభయందు ప్రవేశపెట్టెను. దానిని పరిశీలించుటకు ఒక సంఘము నియమింపబడెను. ఎనిమిది మారులు గడియారమును ముట్టుట చిక్కని తలంచి, ఒకేమారు ఒక గంట జరుపుట మేలను అభిప్రాయము ప్రబలెను. కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్రాచార్యుడగు సర్ రాబర్టు బాల్ ఈ సంస్కరణమును బలపరచెను. అప్పటికి యువకుడుగా నుండిన విన్‌స్టన్ చర్చిలును దీనికి అనుకూలుడే.

ప్రతికూలురును తక్కువవారు కారు. గ్రీనిచ్చి వేధశాలాధ్యక్షుడగు సర్ విలియం క్రిస్టీ అంగీకరింపలేదు. కాలమును శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి సరిగా కొలిచియుంచగా, దానిని ఇష్టానుసారము త్రిప్పుట అపచారమని కొందరు విద్వాంసులు భావించిరి. ప్రొద్దుండగా ప్రజలు నాటకశాలకు రారని నాటక సమాజములవారు భయపడిరి. లండను షేరు వర్తకులు న్యూయార్కు విపణితో కలసి వ్యాపారము చేయు వేళలో ఒక గంట తగ్గునని మొఱపెట్టిరి. వీరి మాట యెట్లున్నను, రైతుల అభ్యంతరమును త్రోసివేయుట న్యాయము కాదు. కోసిన గడ్డిపై మంచు ఎండ తగిలిన పిమ్మట గాని ఆరదు. మంచు గడియారమును చూడదు. కూలివాడు మాత్రము గడియారమును చూచియే ఇంటికి పోవును. ఉదయపు గంట వృథాగా పోగా, సాయంకాలపు మంచి గంటలో పనివారుండరు. ఆవులును క్రొత్త గంట కొట్టినదని పాలు చేపవు.

1909లో బిల్లు మరల వచ్చి మరల వీగిపోయెను. తరువాతి సంవత్సరములలోను అదే గతి. పత్రికలు విల్లెట్టును ఎగతాళి చేసెను. ఆయన నిరుత్సాహపడక తన పుస్తకమును మరల మరల అచ్చువేయించి పంచిపెట్టెను, సభలు జరిపించెను, పట్టణ సంఘములకును, వర్తక సంఘములకును, పార్లమెంటు సభ్యులకును ఉత్తరములు వ్రాసెను. ఈ పనిలో ఆయనకు ఒక్క కాసైనను లాభము లేదు. ధనమును, కాలమును వ్యయము చేసెను. ఆయన పట్టుదల కొంత విసుగు కూడ పుట్టించియుండును. ఒకే మాటను ఎనిమిదేండ్లు చెప్పువానిని చూచి జనులు తప్పుకొనిపోవుట సహజమే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. పార్లమెంటు ముందర వేరు పనులుండెను. 1915వ సంవత్సరము మార్చి 4వ తేదీన విల్లెట్ ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే చిసిల్‌హర్‌స్టులోనే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. ఆయన కోరిన చట్టము అప్పటికి లేదు. వచ్చునను సూచనయు లేదు.

మరి పదునాలుగు నెలలైనను కాకముందే పరిస్థితి మారెను. ఇంగ్లండు దేశీయుడు ఇంటింటికి తిరిగి చెప్పినను సొంత ప్రభుత్వము విననిదానిని శత్రుదేశము ఆచరణలో పెట్టెను. యుద్ధకాలమున బొగ్గును పొదుపు చేయుటకై జర్మనీ, ఆస్ట్రియా-హంగెరీ దేశములు 1916 ఏప్రిల్ 30వ తేదీ రాత్రి గడియారములను ఒక గంట ముందునకు జరిపెను. అప్పుడు బ్రిటిషు పార్లమెంటు మేల్కొని మే నెల 17వ తేదీన చట్టము చేసెను. మే 21వ తేదీ ఆదివారము తెల్లవారుజామున గడియారములు ముందునకు జరిగెను. ముందునాడు సుమారు 8 గంటల కస్తమించిన సూర్యుడు ఆనాడు సుమారు 9 గంటల కస్తమించెను. యుద్ధసామగ్రి కర్మాగారములో పని ముగించిన మనిషి రాత్రి భోజనమునకు పిమ్మట కూడ సైకిలుపై ఊరి వెలుపలకు పోయి రాగలిగెను.

ఇది నాణెమునకు ఒక ముఖమే. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన గడియారములు వెనుకకు వచ్చెను. ముందునాడు 6 గంటల 40 నిమిషముల ప్రాంతమున అస్తమించిన సూర్యుడు ఆనాడు 5 గంటల 38 నిమిషములకే అస్తమించెను. శనివారమువరకు వెలుతురులో ఇల్లు చేరినవాడు సోమవారము సంజచీకటిలో చేరవలసివచ్చెను. కన్నులు చీకటికి అలవాటుపడుటకు నడుమ గడువు లేదు. దారి అదియే, గుంటలును అవియే. అయినను దారి క్రొత్తదిగా తోచును. నేటికిని బ్రిటనులో సైకిలు త్రొక్కువారు అక్టోబరు చివరి ఆదివారము సమీపించుచున్నదనగానే దీపములు సవరించుకొందురు. చీకటిలో మెరయు దుస్తులు వెదకి తీయుదురు. కొందరు తోటబాటలను విడిచి దీపములున్న వీథులగుండా పోవుదురు. విల్లెట్ మొదట కోరిన 20 నిమిషముల పద్ధతిని చిక్కని అందరును త్రోసిపుచ్చిరి గాని, కంటినే నమ్ముకొని పోవు బాటసారికి ఆ నాలుగు మెట్లే మేలని నాకు తోచుచున్నది. ఇల్లు కట్టువాడు గనుక మెట్ల విలువ ఆయన ఎరుగును.

ఉదయపు సంగతి మరియొకటి. ఏప్రిల్ నడుమ లండనులో పాత కాలమానము ప్రకారము సూర్యుడు 5 గంటల 8 నిమిషములకు ఉదయించును. 6 గంటల మొదటి వంతునకు పోవలసిన పనివాడు ఐదున్నరకు సైకిలెక్కినచో దారి తెల్లవారియుండును. గడియారము జరిగిన పిమ్మట సూర్యోదయము 6 గంటల 8 నిమిషములు. ఐదున్నరకు ఇంకను మసకచీకటియే. గుమాస్తాకు సాయంకాలమున దొరకిన గంట ఈ పనివాని ఉదయమునుండి వచ్చినదే. పాలు పోయువారును, ఉత్తరములు పంచువారును ఇతని జట్టులోనివారే. దీనికి తోడు, గడియారము ముందునకు జరిగిన రాత్రి అందరికిని ఒక గంట నిద్ర తగ్గును. తరువాతి కొన్ని దినములు కన్నులు మూతపడుచుండగా రహదారిపై పోవుట అపాయకరమని వైద్యులు చెప్పుచున్నారు. నిద్రమత్తులోనున్న మోటారు నడుపువాని ఎదుట సైకిలుపై నున్నవానికి ఇనుప కవచము లేదు గదా.

1925లో చేసిన చట్టముచే వేసవి కాలమానము బ్రిటనులో స్థిరపడెను. రెండవ ప్రపంచ యుద్ధమున, 1941 మొదలుకొని, అచ్చట వేసవియందు గడియారములు ఏకముగా రెండు గంటలు ముందు నడచెను. ఆ యుద్ధకాలముననే మనదేశమునందును ఈ పద్ధతి వచ్చెను. 1942 సెప్టెంబరు మొదలుకొని 1945 అక్టోబరు నడుమవరకు భారతీయ గడియారములు ఒక గంట ముందు నడచెను. యుద్ధము ముగియగానే మనవారు దానిని విడిచిపెట్టిరి. పగటి నిడివి అంతగా మారని దేశమున ఆ గంటను దాచుకొనుటకు వేసవి ఉదయమున అదనపు వెలుతురు ఎక్కడిది?

బ్రిటనువారు మరియొక ప్రయోగమును చేసిరి. 1968 మొదలుకొని 1971 అక్టోబరువరకు శీతకాలమందును గడియారమును వెనుకకు త్రిప్పక, ఏడాది పొడుగున ఒక గంట ముందే ఉంచిరి. జనవరిలో లండనున సూర్యోదయము 9 గంటలు దాటెను. స్కాట్లండు ఉత్తర భాగమున పదింటి ప్రాంతమువరకు తెల్లవారకుండెను. పిల్లలు నడచియు, సైకిళ్లపైనను చీకటిలోనే బడికి పోవలసి వచ్చెను. దూరమునుండి బండ్లవారికి కనబడుటకై వారి చేతులకు మెరయు పట్టీలు కట్టిరి. లెక్కలు చూడగా, ఉదయపు ప్రమాదములు పెరిగినను సాయంకాలపు ప్రమాదములు అంతకంటె ఎక్కువగా తగ్గినట్లు తేలినది. అయినను చీకటిలో బిడ్డను బడికి పంపు తల్లికి ఆ లెక్క ఊరట కలిగింపలేదు. స్కాట్లండు ప్రజలును, రైతులును గట్టిగా ఎదిరించిరి. పార్లమెంటు ఆ ప్రయోగమును మానివేసెను. ఇప్పుడచ్చట మార్చి చివరి ఆదివారమున గడియారము ముందునకును, అక్టోబరు చివరి ఆదివారమున వెనుకకును జరుగుచున్నది. ఈ మార్పు ఉండవలెనా, పోవలెనా అను తర్కము మాత్రము విల్లెట్ నాటినుండి ముగియలేదు.

విల్లెట్ గుఱ్ఱమునెక్కి తిరిగిన పెట్స్‌వుడ్ అడవిని ఇండ్ల స్థలములుగా మార్చివేయుదురేమోనను భయము ఒకప్పుడు కలిగెను. ప్రజలు చందాలు పోగుచేసి ఆ అడవిలో కొంత భాగమును కొని, 1927లో ఆయన జ్ఞాపకార్థము అందరి ఉపయోగమునకై విడిచిరి. ఎందరికో ఇండ్లు కట్టించిన మనిషి పేరిట ఇండ్లు లేని చోటు మిగిలినది. చెట్ల నడుమ ఒక రాతి స్తంభమును నిలిపి, దానిపై నీడ గడియారమును అమర్చిరి. సాధారణముగా నీడ గడియారములు సూర్యుని కాలమును చూపును. ఇది ఒక గంట ముందుగా, వేసవి కాలమానమునే చూపునట్లు చెక్కబడినది. మార్చినుండి అక్టోబరువరకు దాని నీడ బాటసారుల గడియారములతో ఇంచుమించుగా సరిపోవును. శీతకాలమున ఎండ వచ్చిన దినమున అచ్చటికి పోయి చూచినవారికి, చేతి గడియారములో పదకొండు గంటలుండగా, రాతిపైని నీడ పండ్రెండింటి గీటుపై నుండును.